వ్యవసాయ శాఖలో సమాన హక్కులు: రైతునకేమి సంబంధము?

దేవుడు వరమిచ్చినా పూజారి వరమీయడను సామెత మన పల్లెలలో ఎవరికి తెలియదు? సర్కారు పథకము ప్రకటించును. పత్రికలలో పడును. ఊరిలో చాటింపు కూడ వేయింతురు. కాని ఆ పథకము మీ పొలము గట్టు చేరుటకు నడుమ ఒక బల్ల కలదు. బల్ల వెనుక ఒక మనిషి కలడు. ఆ మనిషి ఎవరు, ఆ కుర్చీలోకి ఎట్లు వచ్చెను, ప్రక్క బల్లవారు ఆయనను ఎట్లు చూచుచున్నారు అనునవి కచేరీ లోపలి సంగతులనియు, మనకు పట్టవనియు రైతులు సాధారణముగా అనుకొందురు. ఉద్యోగుల హక్కులు ఉద్యోగులే చూచుకొందురు, మనకు విత్తనము, ఎరువు, అప్పు వేళకు వచ్చిన చాలునని భావింతురు. ఈ భావము సరికాదని నా అభిప్రాయము. అవి వేళకు రాకపోవుటకు కారణము పెక్కుమార్లు ఆ కచేరీ లోపలనే ఉండును. అందుచేత ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఇందుకు ఉదాహరణముగా అమెరికా వ్యవసాయ శాఖ కథను తీసికొనుచున్నాను. అంత దూరము పోనేల యని మీరడుగవచ్చును. 1952 అక్టోబరు 2వ తేదీన మన దేశములో సమాజ వికాస పథకము మొదలైనప్పుడు, గ్రామసేవకుని పల్లెకు పంపి, రైతు పొలములోనే చేసి చూపవలెనను పద్ధతికి అమెరికా విస్తరణ సేవ ఒక ముఖ్యమైన మాదిరి. దానిలోని మంచిని మనము తెచ్చుకొంటిమి. చెడును కూడ ఎరిగియుండుట అవసరము. ఆ చెడు దాగినది కాదు; వారి న్యాయస్థానముల తీర్పులలోను, కమిషన్ల నివేదికలలోను అంకెలతో సహా వ్రాయబడియున్నది. తన తప్పును తానే అచ్చువేసికొను అలవాటు ఏ ప్రభుత్వమునకైనను మంచిదే.

ఆ శాఖ 1862లో, అబ్రహాం లింకన్ అధ్యక్షుడుగా ఉండగా ఏర్పడినది. దానిని ఆయన ప్రజల శాఖ యని పిలిచెను. బానిసత్వము రద్దయిన పిదప దక్షిణ రాష్ట్రములలోని నల్లజాతివారు కౌలుకు, పాలుకు ప్రత్తి సాగుచేయుచు, కూడబెట్టుకొన్నవారు కొద్దికొద్దిగా స్వంత భూమి కొనుక్కొనుచు వచ్చిరి. 1906లో అలబామా రాష్ట్రములోని టస్కెగీ విద్యాలయమువారు ఒక బండిని సిద్ధము చేసిరి. జెసప్ అను న్యూయార్కు ధనికుడు ఇచ్చిన విరాళముతో కట్టిన బండి యగుటచే దానికి జెసప్ బండి యని పేరు వచ్చినది. దానిని రూపొందించినవాడు జార్జి వాషింగ్టన్ కార్వర్. వేరుసెనగ ఉపయోగములను గూర్చి చదివినవారు ఈ పేరు వినియుందురు. నాగళ్లు, విత్తనములు, వెన్న చిలుకు సాధనములు వేసికొని ఆ బండి పల్లె పల్లెకు పోయి, బడికి రాలేని రైతునకు పొలములోనే పాఠము చెప్పెడిది. అదే సంవత్సరము నవంబరులో ఆ బండి నడిపిన థామస్ మన్రో కాంబెల్‌ను వ్యవసాయ శాఖ తన ప్రదర్శన ఏజెంటుగా నియమించినది. ఆ ఉద్యోగములో చేరిన మొదటి నల్లజాతివాడు ఆయనే.

ఇంతవరకు కథ బాగున్నది. 1914లో విస్తరణ సేవకు చట్టము వచ్చినది. కేంద్రము ఇచ్చు సొమ్ము ఏ కళాశాల ద్వారా ఖర్చు కావలెనో రాష్ట్ర శాసనసభలు నిర్ణయించునని అందులో వ్రాసిరి. దక్షిణ రాష్ట్రముల శాసనసభలు ఆ సొమ్మును తెల్లవారి కళాశాలలకే అప్పగించినవి. నల్లజాతి ఏజెంట్లు ఉండిరి గాని, వారి జీతము, వారి ప్రయాణపు ఖర్చు, వారి కార్యాలయపు అద్దె అన్నియు అవతలివారి చేతిమీదుగా రావలసినదే. చట్టములో జాతి పేరు లేకుండనే పని జరిగిపోయినది. గ్రామాధికారులు ఈ సంగతిని ప్రత్యేకముగా గమనింపవలెను. పక్షపాతము చేయుటకు పక్షపాతమని కాగితము మీద వ్రాయనక్కరలేదు. సొమ్ము ఎవరి చేతిమీదుగా పోవలెనో వ్రాసిన చాలును.

ఉత్తర కెరొలినా రాష్ట్రపు విస్తరణ సేవ సంగతి చూడుడు. 1965 ఆగస్టు 1వ తేదీ వరకు అక్కడ రెండు శాఖలు ఉండెడివి. ఒకదాని పేరు నీగ్రో శాఖ. నేడు ఎవరును వాడని ఆ మాట నాటి అధికార నామము. అందులో అందరును నల్లజాతి ఉద్యోగులే. వారు సేవచేయునది నల్లజాతి రైతులకు, గృహిణులకు, పిల్లలకు మాత్రమే. రెండవ దానిలో అందరును తెల్లవారే. దానికి మాత్రము జాతి పేరేదియు లేదు. అది ఊరక విస్తరణ సేవ! ఈ చిన్న సంగతి నాకు ఎంతయో పెద్దదిగా తోచును. మన ఊళ్లలో కూడ చూడుడు: ఊరు అనగా ఊరే, మిగిలిన వాడలకు మాత్రము పేర్లు కావలెను. ఏ ఉద్యోగిని గూర్చి చెప్పునప్పుడు ఆయన పనిని ముందు చెప్పుదురో, ఏ ఉద్యోగిని గూర్చి చెప్పునప్పుడు ఆయన కులమును ముందు చెప్పుదురో విన్నచో ఆ కచేరీ ఎట్టిదో తెలిసిపోవును.

రెండు శాఖలవారును చేయునది ఒకే పని. కాని జీతములు వేరు. నల్లజాతి ఏజెంటునకు తక్కువ, తెల్లజాతి ఏజెంటునకు ఎక్కువ. 1964లో పౌరహక్కుల చట్టము వచ్చిన పిదప, 1965లో రెండు శాఖలను కలిపివేసిరి. కలిపిన తరువాత ఏమి జరిగినది? అంతవరకు నల్లజాతి విభాగములకు పెద్దలుగా ఉండి పనిచేసినవారు దక్షిణ రాష్ట్రములలో పలుచోట్ల తెల్లజాతి అధికారి క్రింద సహాయకులైరి. ఉత్తర కెరొలినాలో జీతముల తేడా అట్లే నిలిచిపోయినది. బోర్డు మారినది, జీతపు పుస్తకము మారలేదు.

ఆ ఏజెంట్లు వ్యాజ్యము వేసిరి. అది ఏండ్ల తరబడి నడిచి 1986లో అమెరికా సుప్రీంకోర్టులో తేలినది. బేజ్‌మోర్ కేసు అని దానికి పేరు. ఆ సేవవారి వాదమును వినుడు. ఈ తేడా మేము చేసినది కాదు, పూర్వము నుండి వచ్చుచున్నది. ఉద్యోగములలో వివక్షను నిషేధించు చట్టము ప్రభుత్వ కార్యాలయములకు 1972 నుండి గదా వర్తించినది. అంతకుముందటి తప్పునకు ఇప్పుడు మమ్ములను పట్టుకొననేల, అని. వినుటకు సబబుగనే ఉన్నది. తాత చేసిన అప్పుకు మనుమని నిలదీయుట వంటిది గదా అనిపించును. కోర్టు ఒప్పుకొనలేదు. పాత రోజులలో మొదలైనదైనను, ఒకే పని చేయు ఇద్దరిలో ఒకరికి తక్కువ జీతము చెల్లించిన ప్రతిసారియు అది క్రొత్తగా చేసిన తప్పేయని తీర్పు చెప్పినది. నాటి తప్పునకు నేటివారు బాధ్యులు కాకపోవచ్చును. కాని ఈ నెల జీతపు చిట్టా మీద సంతకము చేసినది ఈనాటి అధికారియే. పాత ఆచారమని చెప్పి ప్రతి నెలయు అన్యాయము చేయువారికి ఇంతకన్న సూటియైన సమాధానము నేను వినలేదు.

ఇది ఉద్యోగుల జీతముల గొడవయే గదా, రైతునకేమి వచ్చినదని మరల మీరు అడుగుదురేమో. ఇక రైతు సంగతికి వచ్చుచున్నాను.

అమెరికాలో జిల్లా వంటి దానిని కౌంటీ అందురు. వ్యవసాయ శాఖ అప్పులు, సహాయములు అచ్చటి కౌంటీ కార్యాలయము ద్వారా రైతునకు చేరవలెను. ఆ కార్యాలయము మీద పెత్తనము చేయుటకు స్థానిక రైతులు ఎన్నుకొన్న కమిటీ ఉండును. ఇది చక్కని ఏర్పాటే. రైతు కష్టము రైతునకే తెలియును గదా! కాని 1996లో దేశమంతట ఉన్న 8,147 మంది కమిటీ సభ్యులలో నల్లజాతివారు 37 మంది మాత్రమే. నల్లజాతి రైతులు ఎక్కువగా ఉన్న ఆగ్నేయ ప్రాంతములోనే 2,469 మందిలో 28 మంది. ఓట్లు వేసి ఎన్నుకొన్న కమిటీయే ఇట్లున్నది. మన సహకార సంఘముల పాలకవర్గములలోను, నీటి సంఘములలోను ఏ వాడవారు ఎందరున్నారో మీరొకసారి వ్రేళ్ల మీద లెక్కించుకొనుడు. నేను వేరుగా చెప్పనక్కరలేదు.

అటువంటి కమిటీల చేతిలో అప్పు అర్జీలు పడెను. దానికి ఫలితము ఏమనగా, ఆగ్నేయ రాష్ట్రములు కొన్నింటిలో నల్లజాతి రైతు అర్జీ తేలుటకు, తెల్లజాతి రైతు అర్జీ తేలుటకు పట్టిన కాలమునకు సగటున మూడురెట్లు పట్టెడిది. ఇది నిరాకరించిన అర్జీల మాట కాదు. ఆలస్యము చేసిరి, అంతే. వ్యవసాయము చేయువానికి ఈ మాట అర్థము విప్పి చెప్పనక్కరలేదు. ఏరువాకకు ముందు చేతికి రావలసిన పైకము దీపావళికి వచ్చినచో దానిని ఏమి చేసికొనవలెను? విత్తవలసిన అదను పోయినది. విత్తకపోయినను కౌలు తప్పదు. పంట లేదు గనుక పాత అప్పు తీరదు. పాత అప్పు తీరలేదు గనుక క్రొత్త అప్పునకు అర్హత లేదు. చివరకు భూమి వేలమునకు వచ్చును. రిజిస్టరులో చూచినచో మాత్రము అప్పు మంజూరు అనియే ఉండును.

1920లో ఆ దేశమున నల్లజాతి రైతుల కమతములు సుమారు 9,25,000. 1990ల చివరి నాటికి అవి 18,000కు తగ్గినవి. ఇంత తగ్గుదలకు కారణము ఒక్క వ్యవసాయ శాఖయే యని చెప్పుట న్యాయము కాదు. యంత్రములు వచ్చినవి, ప్రత్తికి కాయతొలుచు పురుగు పట్టినది, జనము పట్టణములకు వలసపోయిరి. తెల్లజాతి చిన్న రైతులు కూడ లక్షలకొలది సేద్యము మానుకొనిరి. కాని శాఖ బాధ్యత కూడ అందులో కలదని న్యాయస్థానమే చెప్పినది.

మొరపెట్టుకొనలేదా యందురేమో. పెట్టుకొనిరి. 1965లోనే అమెరికా పౌరహక్కుల కమిషన్ వ్యవసాయ పథకములలో జరుగుచున్న పక్షపాతమును గూర్చి ఒక నివేదిక వ్రాసినది. ఫిర్యాదులు విచారించుటకు వ్యవసాయ శాఖలోనే ఒక పౌరహక్కుల కార్యాలయము కూడ ఉండెడిది. 1983లో దానిని ఎత్తివేసిరి. ఎత్తివేసిన సంగతి ఫిర్యాదుదారులకు ఎవరు చెప్పుదురు? వారు అర్జీలు పంపుచునే యుండిరి. వచ్చిన అర్జీలు వచ్చినట్లే పడియుండెను. కోర్టుకు పోవుదమన్న, రెండేండ్లలోగా పోవలెనని చట్టపు గడువు. శాఖ సమాధానము కొరకు ఎదురుచూచుటలోనే ఆ గడువు దాటిపోయినది. అందరికీ శకునము చెప్పు బల్లి కుడితిలో పడినట్లు, న్యాయము చూడవలసిన విభాగమే మూతపడినది.

1997లో ఉత్తర కెరొలినా రైతు తిమోతీ పిగ్ఫర్డ్ మొదలగువారు తమ తరఫునను, తమవంటి వారందరి తరఫునను దావా వేసిరి. 1998లో అక్కడి పార్లమెంటు గడువు అడ్డంకిని సడలించినది. 1999 ఏప్రిల్ 14వ తేదీన న్యాయమూర్తి పాల్ ఫ్రీడ్‌మన్ రాజీ ఒప్పందమును ఆమోదించిరి. ఒప్పందములోని సులభ మార్గమున, పక్షపాతము జరిగినట్లు చూపగలిగిన ఒక్కొక్క రైతుకు 50,000 డాలర్లు. 22 వేలకు పైగా అర్జీలు విచారణకు రాగా 15 వేలకు పైగా నెగ్గినవి. చెల్లింపులు నూరు కోట్ల డాలర్లు దాటినవి. గడువు తెలియక ఆలస్యముగా వచ్చిన వేలమందికై 2010లో మరియొక ఒప్పందము, 125 కోట్ల డాలర్లతో కుదిరినది. అదే సంవత్సరము అచ్చటి ఆదివాసి రైతుల దావా 76 కోట్ల డాలర్లకు రాజీ అయినది. 2024లో, వ్యవసాయ శాఖ అప్పులలో వివక్షకు గురియైన సుమారు 43 వేల మందికి, జాతితో నిమిత్తము లేకుండ, సుమారు 200 కోట్ల డాలర్లు పంచిరి. జాతిని, స్త్రీపురుష భేదమును బట్టి కొందరిని ప్రత్యేక వర్గముగా గుర్తించు పద్ధతిని 2025లో ఆ శాఖ మానుకొన్నది. ఇది సరియా కాదా యని అక్కడ వాదములు జరుగుచునే యున్నవి. ఆ వాదమును వారికి వదలుదము. మన లెక్క వేరు. వేళకు ఒక సంతకము చేయనందుకు ఎన్ని కోట్లు చెల్లించవలసివచ్చెనో చూడుడు. చెల్లించినను, పోయిన భూమి ఎందరికి తిరిగి వచ్చినది?

అమెరికావారిని ఆక్షేపించుటకు నేను ఇది వ్రాయుటలేదు. గురివింద గింజ తన నలుపెరుగదను మాట మనకు తగులకుండ చూచుకొనవలెను. కొంచెము మన ఊరికి వత్తము.

గ్రామ మునసబు, కరణము పదవులు మన ప్రాంతములో తరతరములుగా కుటుంబములలో నడిచినవి. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగముల చట్టము ఆ పద్ధతికి బలమిచ్చినది. గ్రామముల కూర్పు మారి క్రొత్త ఉద్యోగము ఏర్పడినను, రద్దయిన పాత ఉద్యోగము చేసిన కుటుంబముల నుండియే మనిషిని ఎన్నుకొనవలెనని ఆ చట్టములోని 6వ విభాగము చెప్పెను. గుంటూరు జిల్లా తెనాలి తాలూకాలోని పెరవలిపాలెములో ఇట్టి సందర్భము వచ్చినది. గాజుల దశరథ రామారావు అనునాయన మునసబు ఉద్యోగమునకు అర్జీ పెట్టుకొనెను. పై అధికారులు తుదకు పూర్వపు ఉద్యోగి కుటుంబమువైపే మొగ్గిరి. ఆయన ఊరుకొనక సుప్రీంకోర్టు తలుపు తట్టెను. 1960 డిసెంబరు 6వ తేదీన తీర్పు వచ్చినది. ప్రభుత్వోద్యోగములో మతము, జాతి, కులము, లింగము, వంశము, పుట్టినచోటు, నివాసము అను కారణములచే ఎవరిపట్లను భేదము చూపరాదని రాజ్యాంగము 16వ అధికరణము చెప్పుచుండగా, వంశము చూచి ఉద్యోగమిచ్చు ఆ విభాగము చెల్లదని కోర్టు తేల్చినది. గ్రామ మునసబు పదవి ఒక కుటుంబపు ఆస్తి కాదు, ప్రభుత్వోద్యోగమేనని దీని భావము. అయినను పాత గ్రామోద్యోగములు పూర్తిగా తొలగుటకు 1984 జనవరి వరకు పట్టినది.

ఆ తీర్పును నేను ఉద్యోగార్థుల విజయముగా మాత్రమే చూడను. భూమి లెక్కలు ఒకే ఇంటి పెట్టెలో ఉన్నంతకాలము ఆ ఇంటితో పొసగని రైతు అడంగలు నకలు కొరకు ఎన్నిమార్లు ఆ అరుగు చుట్టు తిరిగెనో పెద్దలను అడుగుడు. అరుగు ఎక్కుటకే అనుమతి లేనివారి సంగతి మరింత అడుగుడు. ఉద్యోగము అందరికిని తెరచినప్పుడే లెక్కల పెట్టె కూడ అందరికిని తెరువబడెను.

నేడు నియామకముల నియమములు చాలవరకు సరిగానే ఉన్నవి. షెడ్యూల్డు కులములకు, తెగలకు, వెనుకబడిన తరగతులకు రిజర్వేషన్లు కలవు. 1996 నుండి మన రాష్ట్ర ఉద్యోగముల నియామకములో మూడవ వంతు స్త్రీలకు కేటాయించుచున్నారు. వికలాంగులకు 2016 చట్టము నూటికి నాలుగు పోస్టులు కేటాయించినది. మండల వ్యవసాయ కార్యాలయములలో యువతులైన అధికారిణులను ఇప్పుడు చూచుచున్నాము. ముప్పది నలుబది ఏండ్ల క్రిందట ఇది అరుదు. కాని ఉత్తర కెరొలినా కథ నేర్పునది ఇదే. రెండు శాఖలను ఒకే కప్పు క్రిందికి తెచ్చిన మాత్రమున సమానత రాదు. తరువాత ఎవరికి ఏ పని అప్పగించిరి, ఎవరి మాట చెల్లినది అనునదే అసలు పరీక్ష.

నేనెరిగిన ఒక కార్యాలయములో ప్రదర్శన క్షేత్రముల పని ఎప్పుడును కొందరికే. గోదాములో సంచులు లెక్కించు పని ఎప్పుడును మరికొందరికే. చదువు ఒకటే, హోదా ఒకటే, జీతము కూడ ఒకటే. ఎవరును ఎవరినీ ఒక్క మాట అనలేదు. కాని పదేండ్లకు క్షేత్రముల మీద తిరిగినవారు నిపుణులైరి, వారి పేర్లు రైతులకు తెలిసెను, పదోన్నతి వేళ చెప్పుకొనుటకు వారికి పని కనబడెను. గోదామువారికి సంచుల లెక్క తప్ప చూపుటకేమి యున్నది? అందులో ఒకాయన దళితవాడ నుండి చదువుకొని వచ్చినవాడు. అసైన్డు భూముల మీద మెట్టపంటలు ఎట్లు వేయవలెనో ఆయనకు తెలిసినంతగా ఆ కచేరీలో మరియొకరికి తెలియదు. ఆ భూములవారు ఆయన కొరకు గోదాము దాక నడిచి వచ్చి అడిగి పోయెడివారు. ఆయన అక్కడికి పోవుటకు మాత్రము ప్రయాణపు ఉత్తర్వు లేదు! ఇందులో నష్టపడినవారెవరు? ఆయన ఒక్కడేనా?

స్త్రీల విషయము కూడ ఇంతే. నాట్లు, కలుపు, ప్రత్తి తీత, విత్తనము దాచుట, పాడి: వీనిలో ఎంత భాగము స్త్రీల చేతులమీద నడుచునో మీ ఇంటిలోనే మీకు తెలియును. 2015–16 వ్యవసాయ గణన ప్రకారము దేశములో స్త్రీల పేర కమతములు నూటికి 14 మాత్రమే. రైతు అని పిలువగానే సభకు మగవారు వచ్చి కూర్చుందురు. విత్తనశుద్ధి చేయు చేయి ఇంటిలోనే ఉండిపోవును. మందు కలుపు పాళ్లు మాత్రము సభలో చెప్పుదురు. అధికారిణి వచ్చిననాడు ఇది కొంత మారును, ఆడవారు దగ్గరకు వచ్చి సందేహములు అడుగుదురు. అందుచేత ఆమె ఉద్యోగము నిలుచుట మీ పంటకు కావలసిన విషయమే. ఆమె ఊరికి వచ్చినప్పుడు “సారు రాలేదా?” అని అడుగుట మానుడు. వచ్చినది సారే. ఆమె కచేరీలో స్త్రీలకు మరుగుదొడ్డి ఉన్నదా, చీకటి పడిన తరువాత సమావేశము పెట్టి ఆమెను ఎట్లు ఇల్లు చేరుమనుచున్నారు, ఇవి చిన్న సంగతులు కావు. పదిమంది, అంతకన్న ఎక్కువమంది పనిచేయు ప్రతి కార్యాలయములోను లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండవలెనని 2013 చట్టము. మండల కార్యాలయములలో పదిమంది ఉండుటే అరుదు. అట్టి చోట జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చును. ఈ మాట గోడమీద వ్రాసి పెట్టిన మండల కార్యాలయములు ఎన్నియో గ్రామాధికారులే చెప్పవలెను.

ఇక యోగ్యత సంగతి. రిజర్వేషన్లచే యోగ్యత తగ్గుననియు, కులము చూడక పని వచ్చినవానినే పెట్టుకొనవలెననియు అనువారు మీలోను ఉందురు. వారి మాటను నేను కొట్టివేయను. పని రాని ఏజెంటు వలన రైతునకు కీడే. కాని ఆ కౌంటీ కమిటీలను చూడుడు. అక్కడ రిజర్వేషను లేదు. ఉన్నవారందరును ఊరిలో పేరున్న, సేద్యము తెలిసిన రైతులే. వారి యోగ్యత ఇతరుల అర్జీని మూడురెట్ల కాలము ఆపుటకు అడ్డురాలేదు. పురుగును గుర్తుపట్టుట ఒక యోగ్యత. పురుగు పట్టిన చేను ఎవరిదైనను గట్టు దిగి చూచుట మరియొక యోగ్యత. పరీక్షలో మొదటిదానికే మార్కులు వేయుదురు. రెండవది, అన్ని వాడల మనుషులు ఒకే కచేరీలో సమానముగా కూర్చుండి పనిచేసినప్పుడు గాని పెరుగదు.

పౌరహక్కుల రక్షణ చట్టము 1955 నాటిది. మొదట అస్పృశ్యతా నేరముల చట్టమని దాని పేరు, 1976లో మార్చిరి. ఆ చట్టము క్రింది నేరమును విచారింపవలసిన ప్రభుత్వోద్యోగి బుద్ధిపూర్వకముగా ఉపేక్షించినచో ఆయన కూడ ఆ నేరమునకు తోడ్పడినట్లే లెక్క. మన తెలుగు రాష్ట్రములలో నెలనెలా గ్రామములలో పౌరహక్కుల దినము జరుపు ఆనవాయితీ కూడ కలదు. తహశీల్దారు, పోలీసు అధికారి వచ్చి మాట్లాడుదురు. పెక్కుచోట్ల అది పది నిమిషముల ఉపన్యాసముతో, ఒక ఛాయాచిత్రముతో ముగియుట మీరెరుగుదురు. రాబోవు దినమున మీరు లేచి, ఈ సంవత్సరము వ్యవసాయ అప్పులకు, విత్తనములకు వచ్చిన అర్జీలు ఏ వాడ నుండి ఎన్ని, ఒక్కొక్కటి తేలుటకు ఎన్ని రోజులు పట్టినది చదివి వినిపింపుడని అడుగుడు. కోపముతో అడుగనక్కరలేదు. గ్రామాధికారులు ఆ లెక్కను ముందుగనే వ్రాసి ఉంచుకొన్నచో వారికే గౌరవము.

అర్జీ ఇచ్చినప్పుడు తేదీతో రసీదు తీసికొని పెట్టెలో దాచుడు. అమెరికా రైతుల దావాలో నష్టపరిహారమునకు అర్హత పొందవలెనన్న, 1997 జూలై 1వ తేదీ నాటికే తాము ఫిర్యాదు చేసినట్లు చూపవలసియుండెను. శాఖవారి వద్ద ఆ ఫిర్యాదులకు దిక్కులేదు. నకలు దాచుకొన్నవారికి ఆ కాగితమే సాక్ష్యమైనది. లేనివారు, తాము మొరపెట్టుకొనగా ఎరిగిన, తమ కుటుంబమునకు చెందని మరియొకరిని వెదకి పట్టుకొని, వారిచేత వ్రాయించి తేవలసివచ్చినది.